కొండవైపంటే ఉత్తరం కాదట

ఫిబ్రవరి 9, గురువారం

పాసయింది! నా కూతురు పాసయింది! చినామి రాత పరీక్ష పాసయింది!

పెన్ను గట్టిగా నొక్కి రాశానేమో, వెనక పేజీ మీద కూడా అచ్చు పడింది. పడనీ. సాయంత్రం నాలుగూ పదికి ఫోన్ చేసింది. "నాన్నా, లిస్టులో నా నంబరు ఉంది" అంది. అంతే. ఇంకో పిల్లయితే ఎగిరి గంతేసేది. దీనిది వాళ్ళమ్మ పోలిక. ఎంత పెద్ద కబురైనా పులుసులో ఉప్పు సరిపోయిందన్నట్టు చెబుతుంది. కేకలు నేనే పెట్టాను. కింది వాటాలో ఆవిడ చీపురు కర్రతో తన పైకప్పు పొడిచింది. పొడవనీ!

ఓడ పైలట్! అదీ మన కోబె రేవులో! ఏ దేశం నుంచి ఎంత పెద్ద ఓడ వచ్చినా, దాని కెప్టెన్ ఎంత మొనగాడైనా, మా రేవు దగ్గరికొచ్చేసరికి ఆగి మా పైలట్‌ని ఎక్కించుకోవాల్సిందే. తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడ పక్కనుంచి పైకెక్కి, కెప్టెన్ పక్కన నిలబడి, ఎడమకి, కుడికి, ఇక మెల్లగా అని చెబుతాడు. చెబుతాడేమిటి, చెబుతుంది! నేను నలభై ఒక్క ఏళ్ళు గట్టు మీద నిలబడి ఆ ఓడలు విసిరిన తాళ్ళు పట్టుకుని ఇనప గుంజలకి తగిలించాను. తల ఎత్తి చూస్తే ఎక్కడో పైన తెల్ల చేతితొడుగులు కనపడేవి. అవి పైలట్ గారివి. ముఖం ఏనాడూ చూడలేదు. ఇప్పుడు ఆ తొడుగుల్లో నా కూతురి చేతులు!

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మెలిక ఉంది. ఎవరికీ చెప్పొద్దంది.

ఇంకా ఓరల్ ఉందట. మార్చి పదహారున. అది కూడా అయ్యి రిజల్టు వచ్చేదాకా ఒక్క మనిషికి చెప్పకూడదట. సుమియె అత్తకైతే అసలే వద్దట. మీ అమ్మకి చెప్పొచ్చా అని అడిగాను. "అమ్మకి చెప్పు, అమ్మ ఎవరికీ చెప్పదు" అంది. ఫుసాయె పోయి ఆరేళ్ళయింది.

నాకు డెబ్భై ఆరు, ఇంకా ఎన్నాళ్ళు ఆగను అని వాదించాను. అప్పుడు నేను నేర్పిందే నా మీదికి విసిరింది. మా తాళ్ళ ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఓడ గట్టుకి రెండు బారల దూరంలో ఉన్నా సరే, 'వస్తోంది' అనే అనాలి. తాడు గుంజకి పడ్డాకే 'వచ్చింది' అనాలి. ముందే నోరు జారినవాడు ఆ రోజు అందరికీ నూడుల్స్ పెట్టించాలి.

"తాడు ఇంకా గాల్లోనే ఉంది నాన్నా" అంది చినామి.

ఫుసాయె ఫోటో ముందు గంట మోగించి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. వేడి అన్నం కూడా పెట్టాను. ఆవిడకీ ఏమీ ఆశ్చర్యం లేదు. ఈ ఇంట్లో సంతోషించే పని అంతా నా ఒక్కడి మీదే పడింది.

ఫిబ్రవరి 10, శుక్రవారం

చెప్పలేదు. దవడలు నొప్పి పుడుతున్నాయి.

ఫిబ్రవరి 12, ఆదివారం

మిత్సుయొ గారి కాఫీ షాపుకి వెళ్ళకుండా ఉండాల్సింది. ముప్పై ఏళ్ళ నుంచి ఆదివారం పొద్దున అక్కడే. కాఫీ, మందపాటి టోస్టు, ఉడికిన గుడ్డు. ఇవాకిరి, కజిత అప్పటికే కూర్చుని ఉన్నారు. ఇవాకిరి టగ్ బోటు మీద పనిచేసేవాడు. కజిత క్రేన్ నడిపేవాడు. పనిలో ఉన్నప్పుడు ఒకడు నీళ్ళ మీద, ఒకడు ఆకాశంలో, నేను మధ్యలో గట్టు మీద. ముగ్గురం సరిగ్గా మాట్లాడుకున్నది రిటైరయ్యాకే.

కజిత వాళ్ళ మనవడికి ఈత పోటీల్లో మూడో స్థానం వచ్చిందట. మూడో స్థానం! నలభై నిమిషాలు చెప్పాడు. నేను గుడ్డు పెంకు తీస్తూ కూర్చున్నాను. పెంకుతో పాటు గుడ్డు కూడా వచ్చేసింది.

మిత్సుయొ గారు నా ముఖంలోకి చూసి, "తొకు గారూ, మలబద్ధకమా?" అంది.

అందరూ నవ్వారు. నోటి దాకా వచ్చింది, నా కూతురు నీ ఈతగాడి లాంటి వాళ్ళని ఓడ పైనుంచి చూస్తుందిరా అని. కాఫీ ఒక్క గుక్కలో తాగేశాను. నాలుక కాలింది. ఆ మంట ఒక్కటే ఇవాళ నన్ను కాపాడింది.

ఫిబ్రవరి 19, ఆదివారం

చినామి వచ్చింది. ఓరల్లో అన్నిటికన్నా కష్టమైన భాగం ఏమిటో చెప్పింది. తెల్ల కాగితం ఇస్తారట. చేతిలో పుస్తకం ఉండదు, చార్టు ఉండదు. రేవు మొత్తం గుర్తున్నది గీయాలి. అలల్ని ఆపే గోడలు, దీపాలు, లోతులు, ఓడ నడిచే దారి, ఏది ఏ దిక్కుకి ఎన్ని డిగ్రీలో, అన్నీ. ఎదురుగా గడియారం.

వంటింటి బల్ల మీద కాగితం పరిచి మొదలుపెట్టింది. నేను టీ పెట్టడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. ముందు ఎడమ పక్కన హ్యోగో పాత రేవు వచ్చింది. తర్వాత ఓడలు కట్టే యార్డు, నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన గట్టు, ఎర్ర టవర్ ఉన్న పార్కు, వేళ్ళలా చాచుకున్న నాలుగు రేవులు. వాటి కింద నీళ్ళలోకి పోర్ట్ ఐలండ్, కుడి పక్కన రొక్కో ఐలండ్. మా నాదా తీరం కూడా వచ్చింది, సారా బట్టీల ముందు. నా ఊరు ఊరంతా నా బిడ్డ వేళ్ళలోంచి దిగింది. కళ్ళు తుడుచుకోవడానికి మొహం తిప్పుకున్నాను.

తిరిగి చూసేసరికి అది కోణమానిని పెట్టి కొలుస్తోంది. కొలిచి పెన్సిల్ కింద పడేసింది.

అంతా ఉంది. కానీ మొత్తం వాలిపోయింది. ప్రతిసారీ ఇంతేనట. తనకి కోచింగ్ ఇచ్చే మాగరి గారు రిటైరైన పైలట్. "ఒక్కటీ వదల్లేదమ్మా, కానీ ఒక మేకు ఊడిన ఫోటోలా ఊరంతా ఒక పక్కకి వాలింది. నీకు ఉత్తరం ఎవరు నేర్పారు?" అన్నాడట.

ఎవరా బుద్ధిలేనివాడు అని నేనూ అడిగాను.

చినామి బ్యాగులోంచి ఒక మడత కాగితం తీసింది. సూపర్ మార్కెట్ చీటీ, వెనక వైపు క్రేయాన్ బొమ్మ. దానికి ఆరేళ్ళప్పుడు ఆటలమ్మ పోసి బయటికి వెళ్ళలేక ఏడుస్తుంటే నేనే గీసిచ్చాను. పైన కొండ, చెట్లతో సహా. కింద సముద్రం. మధ్యలో రేవులు, గట్టు మీద తాడు పట్టుకుని పుల్లలాంటి మనిషి. ఆ మనిషి నేనే. పన్నెండేళ్ళు దాని పడక మీద గోడకి ఉంది ఆ కాగితం.

కొండ పైన ఉంటే తప్పేమిటి? కోబెలో ఎవడైనా అలాగే గీస్తాడు. ఈ ఊళ్ళో ఉత్తరం, దక్షిణం అని ఎవరంటారు? కొండవైపు, సముద్రంవైపు. స్టేషన్లో గేట్లు అంతే, కొట్లో మెట్లు అంతే. వీపు గోకమని ఫుసాయెని అడిగినా, ఇంకొంచెం కొండవైపు అనేవాణ్ణి.

కానీ కొండవైపంటే ఉత్తరం కాదట. ఉత్తరానికి ఎడమగా ఇరవై డిగ్రీలు పక్కకి ఉందట.

"చార్టు చూస్తూ ఉంటే తప్పు రాదు నాన్నా. ఓడ మీద ఏనాడూ తప్పు రాలేదు. తెల్ల కాగితం, గడియారం ఎదురుగా ఉంటే చెయ్యి నీ బొమ్మ వైపే పోతుంది. చెరిపి మళ్ళీ గీసేసరికి టైము అయిపోతుంది."

కోపంగా అనలేదు. అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 19, సాయంత్రం 6

ఇరవై డిగ్రీలు. దానికి నేను ఏమిచ్చాను? నగలు ఇవ్వలేదు, పెద్ద చదువు ఇవ్వలేదు, నౌకల కాలేజీలో స్కాలర్‌షిప్పు అదే తెచ్చుకుంది. నేనిచ్చింది ఒక్క బొమ్మ. అది కూడా వంకరది.

కిటికీలోంచి కొండ కనపడుతోంది. పరదా లాగేశాను.

ఫిబ్రవరి 21, మంగళవారం

దిక్సూచి కొన్నాను. సువయామ కొండ మీదికి ఎక్కాను, ఊరంతా కనపడే చోటికి. మోకాళ్ళు తిట్టాయి. దారిలో అడవి పంది ఒకటి అడ్డంగా నిలబడి నా సంచీ వంక చూసింది. అందులో తినేదేం లేదమ్మా, ఉత్తరం ఉంది అన్నాను. నమ్మినట్టు లేదు, సంచీ వాసన చూసి పోయింది.

పైనుంచి చూస్తే కడుపు మండింది. నేను తాళ్ళు పట్టిన గట్లలో సగం ఇప్పుడు నేల. నాకు ఇరవై ఏళ్ళప్పుడు అటు సుమా వైపు కొండల్ని కోసి, ఆ మట్టిని బెల్టుల మీద సముద్రానికి పంపి, బార్జీల్లో పోసి, దీవులు కట్టారు. కొండలు వెళ్ళి నీళ్ళలో కూర్చున్నాయి. కొండలున్న చోట ఇళ్ళు లేచాయి. తర్వాత భూకంపం వచ్చి గట్లన్నీ సముద్రంవైపు జారిపోయాయి. తాడు తగిలిద్దామంటే నిటారుగా ఒక్క గుంజ లేదు. మళ్ళీ కట్టారు. మా నాన్న బార్జి కట్టుకున్న నీళ్ళ మీద ఇప్పుడు పార్కు, పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. ఇన్ని మార్చినవాళ్ళు ఉత్తరాన్ని మాత్రం వదిలిపెట్టారా? అదీ అప్పుడే ఎవడో జరిపి ఉంటాడు.

దిక్సూచి అరచేతిలో పెట్టుకుని చూశాను. నిజమే. సూది కొండ వైపు లేదు. కొంచెం కుడిగా ఉంది. పన్నెండో పదమూడో.

పన్నెండేనే! ఇరవై కాదు! పరుగున దిగి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 22, బుధవారం

చినామి ఫోన్ ఎత్తింది. సూది చూపేది కూడా నిజమైన ఉత్తరం కాదట. ఇక్కడ సూది ఎనిమిది డిగ్రీలు ఎడమకి లాగుతుందట. ఆ సంగతి పడవ నడిపే ప్రతివాడికీ తెలుసట.

కొండ అబద్ధం. సూది అబద్ధం. డెబ్భై ఆరేళ్ళ నుంచి ఈ ఊళ్ళో నాకు నిజం చెప్పిన వస్తువు ఒక్కటీ లేదు.

ఇంకొకటి. నేను కొత్త బొమ్మ గీసి పంపుతాను, సరైన ఉత్తరంతో, అన్నాను. చినామి, "ఓరల్ అయ్యేదాకా నా దగ్గర రేవు మాట ఎత్తకు నాన్నా. దణ్ణం పెడతాను" అంది.

ఎవరికీ చెప్పకూడదు. దానికి సాయం చెయ్యకూడదు. మరి నేను ఉండి ఎందుకు?

ఫిబ్రవరి 26, ఆదివారం

ఇవాళ ఒక అబద్ధం ఆడాను. ఊరి మీద క్విజ్ పరీక్ష ఉంది, నేను రాస్తున్నాను, అన్నాను కాఫీ షాపులో. చినామి పేరు రాలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

"నువ్వా? పరీక్షా?" అన్నాడు ఇవాకిరి. "ఒరేయ్ తొకూ, తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారు నీకు మార్కులు వేయలేక సెలవు పెట్టాడని నువ్వే కదరా చెప్పావు!"

ఊరి పటం గీయండిరా, నేను చూసి నేర్చుకుంటాను, అన్నాను. మిత్సుయొ గారు పాత క్యాలెండర్ కాగితాలు తెచ్చి పంచింది. తనూ ఒకటి తీసుకుంది.

కజిత పైనుంచి గీశాడు, క్రేన్ గదిలోంచి చూసినట్టు. కప్పులే ఉన్నాయి, గోడలు లేవు. ఊళ్ళో ప్రతి క్రేన్ ఉంది కానీ స్టేషన్ లేదు. స్టేషన్ ఏదిరా అంటే, "స్టేషన్లో క్రేన్ లేదుగా" అన్నాడు. ఇవాకిరి గట్టే గీయలేదు. గాలి గీశాడు. చలికాలం కొండ మీద నుంచి దిగే గాలి ఏ లోయలోంచి వస్తుంది, ఏ రేవు మూల దగ్గర ముందు తగులుతుంది, అక్కడ ఖాళీ ఓడ ఎలా పక్కకి తోసుకుపోతుంది, అన్నీ బాణాలు. వాడి జీవితంలో వాడు చేసిందల్లా ఆ బాణాలకి ఎదురు నెట్టడమే. మిత్సుయొ గారి పటంలో తిండి దొరికే చోట్లే ఉన్నాయి. చైనా బజారు ఊళ్ళో మూడో వంతు. పోర్ట్ ఐలండ్ గోరంత.

"అక్కడ ఒక్క మంచి కాఫీ లేదు, దానికి ఇంత చోటెందుకు?" అంది.

"రేవుకి గుండెకాయండీ అది!" కజిత.

"గుండెకాయకి ఆకలి వేస్తే ఇక్కడికే వస్తుంది."

ఎంత నవ్వానో. ఇంటికొచ్చి ఆ కాగితాలు నేల మీద పరిచాక నవ్వు ఆగింది. ముగ్గురు మనుషులు, మూడు ఊళ్ళు. ఒక్కదానికి ఇంకోదానికి పోలిక లేదు. కానీ మూడింటిలోనూ కొండ పైనే ఉంది. నిటారుగా. నడినెత్తిన.

తప్పు నా ఒక్కడిది కాదని తెలిసి ఊరట కలగాలి. కలగలేదు. పరీక్ష వీళ్ళ కూతుళ్ళు ఎవరూ రాయడం లేదు.

మార్చి 4, శనివారం

ఇకానగో చేపల వేట ఇవాళ మొదలు. వేలెడంత కూడా ఉండని ఈ సన్న చేపల్ని సోయా, పంచదార, అల్లం వేసి దగ్గరపడేదాకా ఉడికించి, డబ్బాల్లో పెట్టి చుట్టాలందరికీ పంపకపోతే ఇక్కడ వసంతం వచ్చినట్టు కాదు. ఫుసాయె పదిహేను డబ్బాలు పంపేది. ఇప్పుడు చేపే పడటం లేదు. రెండు గంటలు లైన్లో నిలబడితే మనిషికి ఒక్క కిలో అన్నారు.

వండుతుంటే చెల్లెలు సుమియె నగాతా నుంచి ఊడిపడింది. వాసన అంత దూరం పోయిందేమో. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "అన్నయ్యా, నీ వాలకం బాగోలేదు. ఏదో దాస్తున్నావు. పెళ్ళా?"

"ఎవరిది?"

"నీదే! ఆ కాఫీ షాపు ఆవిడేగా?"

గరిటె జారి కుండలో పడింది. చేపలు ఉడికేటప్పుడు గరిటె పెట్టకూడదు, విరిగిపోతాయి. విరిగిపోయాయి. నా కడుపులో ఉన్న కబురు ఎంత పెద్దదో, దీనికి తోచింది ఎంత చిన్నదో! "అవును, పెళ్ళే" అనేద్దామనిపించింది, వదిలించుకోవడానికి. అనలేదు. విరిగిన చేపల్లోంచే ఒక డబ్బా ఇచ్చి పంపాను.

"చినామి ఎలా ఉంది?" అంది గుమ్మంలో.

"వస్తోంది" అన్నాను. ఎక్కడికి అని అడిగింది. తలుపు వేశాను.

మార్చి 8, బుధవారం

తట్టింది! నాకు తట్టింది!

గట్టు మీద మాకు గడియారం అక్కర్లేదు. గుంజ నీడ చూసి అన్నానికి వెళ్ళేవాళ్ళం. నీడ కుంచించుకుని కుంచించుకుని అన్నిటికన్నా పొట్టిగా అయ్యే క్షణం ఉంటుంది చూడు, అప్పుడది ఎటు చూపిస్తే అదే ఉత్తరం. సూది అబద్ధమాడొచ్చు, సూర్యుడు ఆడడు. అన్నం మీద ధ్యాసలో నలభై ఏళ్ళు ఆ నీడ ఎటు చూపిందో చూడలేదు, ఎంత పొట్టిగా ఉందో మాత్రమే చూశాను.

డాబా మీద బట్టలారేసే చోట కర్ర పాతి పదకొండున్నర నుంచి కాపలా కాశాను. కింది వాటా ఆవిడ దుప్పట్లు ఆరేసుకోవడానికి వచ్చి, నీడ పడుతోంది పక్కకి జరగండంటే గొడవపడింది. పన్నెండు దాటాక పది నిమిషాలకి నీడ అన్నిటికన్నా పొట్టిగా అయింది. దాని వెంట తాడు పరిచాను. గోడకీ తాడుకీ మధ్య ఎంత వాలు ఉందో అట్ట ముక్క మడిచి పట్టుకున్నాను. ఆ మడత చెదరకుండా గుండెకి ఆనించుకుని మెట్లు దిగాను.

మా వంటిల్లు సరిగ్గా కొండవైపు తిరిగి ఉంది. బల్ల కూడా అంతే. చినామి అన్నం తిన్నదీ, హోంవర్క్ చేసిందీ, రేవు నేర్చుకున్నదీ ఆ బల్ల మీదే, కొండని చూస్తూ. బొమ్మది కాదు తప్పు. బల్లది!

బల్ల తిప్పాను. అట్ట ముక్క కొలత ప్రకారం, కుడికి. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. తుంటికి బల్ల మూల రెండుసార్లు తగిలింది. తగలనీ.

మార్చి 11, శనివారం

చినామి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, "ఇదేమిటి నాన్నా, బల్ల ఇలా అడ్డంగా ఉంది?" అంది. రేవు మాట ఎత్తొద్దంది కాబట్టి నేల ఊడ్చానన్నాను.

కూర్చుంది. ఇకానగో అన్నంలో కలుపుకుంది. "చేపలన్నీ విరిగాయేం?" అంది. మీ అత్త వచ్చిందన్నాను. తింటూ ఒకసారి కిటికీ వంక చూసింది. కొండ దాని ఎదురుగా లేదు. కొంచెం ఎడమకి జరిగింది. చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. బ్యాగులోంచి కోణమానిని తీసి బల్ల అంచుకీ గోడకీ మధ్య కొలిచింది. నా వంక చూసింది. మళ్ళీ కొలిచింది.

నవ్వింది! నెల రోజుల తర్వాత! "దేంతో కొలిచావు?" అంది. అన్నం టైముతో, అన్నాను.

గిన్నెలు పక్కకి తోసి కాగితం పరిచింది. నేను స్టవ్ దగ్గర నిలబడ్డాను. గీసింది, కొలిచింది. ఒక్క డిగ్రీ తేడా లేదు. ఊరు నిలబడింది! నేను చప్పట్లు కొట్టాను, కింద ఆవిడ పొడిచింది, చినామి కూడా కాలితో నేల తన్ని జవాబు చెప్పింది.

అప్పుడు పెన్సిల్ సర్దుకుంటూ, మెల్లగా అంది. "పరీక్ష హాల్లో బల్ల ఇలా ఉండదు కదా నాన్నా. కిటికీ కూడా ఉండదేమో."

అది వెళ్ళిపోయాక బల్ల వెనక్కి తిప్పుదామనుకున్నాను. తిప్పలేదు. దానికి ఆనుకుని నిలబడే అన్నం తిన్నాను.

మార్చి 16, గురువారం, ఉదయం 9

మొదలై ఉంటుంది.

ఉదయం 11

ఇవాకిరి ఫోన్ చేసి నీ క్విజ్ ఎప్పుడురా అన్నాడు. ఇవాళే అన్నాను. మరి ఇంట్లో ఏం చేస్తున్నావన్నాడు. ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం 3

ఫుసాయె గంట ఎన్నిసార్లు మోగించానంటే కింది ఆవిడ కూడా పొడవడం మానేసి, ఒంట్లో బాగుందా అని పైకొచ్చి అడిగింది.

సాయంత్రం 5

ఫోన్ చేసింది. రాసేస్తాను, మర్చిపోకముందే.

హాల్లో కిటికీ లేదట. తెల్ల గోడ. గడియారం. కాగితం ఇచ్చారు. నా బల్ల తలుచుకుందట. అక్కడి బల్ల తిప్పడానికి లేదు, నేలకి బిగించారట. అందుకని కాగితం తిప్పిందట! కుడికి, అంత వాలుగా. ఎదురుగా గోడలో మన కొండ ఉందనుకుందట. ఉత్తరం సంగతి కాగితానికి వదిలేసి, తను మాత్రం నా బొమ్మే గీసిందట. కొండ పైన, సముద్రం కింద, అలాగే, ఆరేళ్ళప్పుడు చూసినట్టు, చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చి. గంట కొట్టకముందే అయిపోయిందట.

పరీక్షకులలో ఒకాయన దగ్గరికొచ్చి, "కాగితం ఎందుకలా వంకరగా పెట్టుకున్నావమ్మా?" అని అడిగాడట.

"మాది కోబె అండీ" అందట.

ఆయన నవ్వాడో లేదో మాస్కు వల్ల తెలియలేదంది. కొలుచుకుంటూ వెళ్ళిపోయాడట.

"అయితే వచ్చినట్టేగా!" అన్నాను.

"నాన్నా" అంది.

సరే. వస్తోంది.

మార్చి 20, సోమవారం

వస్తోంది. వస్తోంది. ఎంతసేపమ్మా!

మార్చి 24, శుక్రవారం

వచ్చింది.

చెప్పాల్సినవాళ్ళు:

ఫుసాయె. చెప్పేశాను. అన్నం మీద విరగని చేపలు ఏరి పెట్టాను.

సుమియె. నగాతా. ఫోను చెవికి దూరంగా పట్టుకోవాలి. పెళ్ళి కాదని ముందే చెప్పాలి.

అవాజి దీవిలో అన్నయ్య. వినపడదు. పెద్ద అక్షరాలతో కార్డు, డబ్బాతో పాటు.

ఫుసాయె తమ్ముడు, అమాగసాకి. ఆడపిల్లకి ఓడలెందుకు అన్నాడు ఒకప్పుడు. మెల్లగా చెప్పాలి. రెండుసార్లు.

ఇవాకిరి, కజిత, మిత్సుయొ గారు. చుట్టాలు కారు. అయినా. నూడుల్స్ నేనే పెట్టిస్తాను, నోరు జారకపోయినా.

అమ్మ. కొండవైపు సమాధులు, పై వరస.

నాన్న. ఆయన బార్జి కట్టుకున్న నీళ్ళు పార్కు కింద ఉన్నాయి. గడ్డి మీద నిలబడి చెప్పాలి. సముద్రంవైపు తిరిగి, ఇరవై డిగ్రీలు పక్కకి.